ఉత్త నీళ్లలో లేచిన పీక్

2022 ఎండాకాలం. సూరత్‌లో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. అప్పటికి పంతొమ్మిదేళ్ల సర్వీసు. మా నాయన సిరిసిల్ల దిక్కు నుంచి సాంచాలు, అంటే పవర్‌లూములు, నడపడానికి ఇక్కడికి వచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి లింబాయత్ పేటలోనే. గాజుసామాను కడగడం, ఆరబెట్టడం, ద్రావణాలు కలిపి పెట్టడం నా పని.

ఆ ఏడు హేతల్‌బెన్ అనే పీహెచ్‌డీ అమ్మాయి ఒక చిన్న గాజు సెల్‌తో పనిచేసేది. అడుగున డైక్లోరోఈథేన్, నీళ్లకన్నా బరువైన, నీళ్లలో కలవని ద్రవం. దానిమీద నీళ్లు. రెంటి మధ్య స్పష్టంగా ఒక గీత. గీతకు ఇటు రెండు, అటు రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి వోల్టేజి మెల్లగా పెంచుతూ పోతే, నీళ్లలోని అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ఒక దశలో గీత దాటి కిందికి దిగుతాయి. అప్పుడు కరెంటు పెరిగి తగ్గుతుంది. కంప్యూటర్ తెరమీద అది గుట్టలా కనిపిస్తుంది. దాన్ని పీక్ అంటాం. గుట్ట ఏ వోల్టేజి దగ్గర లేచిందో చూసి నీళ్లలో ఏముందో అంచనా కట్టొచ్చు. హేతల్‌బెన్ వెతుకుతున్నది బట్టలకు వేసే ఒక రకం రంగు.

ఈ సంగతి నేను మా వీధిలో చెప్పాను. చీరలకు మడతలు వేసే పని చేసే మా పక్కింటి సత్తెక్క మర్నాడే ఐదు బోర్ల నీళ్లు ఐదు సీసాల్లో పట్టుకొచ్చింది.

"తమ్మీ, జర చూపియ్యిరా. రంగుల మిల్లు నాలా మన పక్కపొంటే పోతది గదా. పోరగాండ్ల ఒళ్లంత దద్దుర్లు. ఎవలకు చెప్పినా, నీళ్లు తెల్లగనే ఉన్నయ్ గదా అంటున్నరు."

హేతల్‌బెన్ ఒప్పుకుంది. ఐదు సీసాల నీళ్లకూ పీక్ వచ్చింది, సరిగ్గా రంగు లేచే చోటే. అధికారులకు ఇవ్వడానికి వీధిలో దరఖాస్తు తయారై సంతకాలు పడ్డాయి. ఆ గ్రాఫులు హేతల్‌బెన్ రిపోర్టులోకీ ఎక్కాయి.

దరఖాస్తు ఇచ్చే ముందు సత్తెక్క ల్యాబ్ చూస్తానంది. ఒక శనివారం పొద్దున తీసుకొచ్చాను. మిషన్ ఎట్లా నడుస్తుందో చూపిద్దామని సెల్ కడిగి, తుడిచి, పైన కొంచెం ఉప్పు కలిపిన డిస్టిల్డ్ వాటర్ పోశాను. హేతల్‌బెన్ మిషన్ ఆన్ చేసింది. తెరమీద గ్రాఫు చదునుగా సాగి, గుట్ట లేచింది.

సత్తెక్క తెరమీద వేలు పెట్టింది. "గిండ్ల మా నీళ్లు పోయలే గదా. మరి గదేంది?"

వెతికే పదార్థం లేని నీళ్లతో చేసే పరీక్షను బ్లాంక్ అంటారు. హేతల్‌బెన్ పని మొదలుపెట్టినప్పుడు చేసిన బ్లాంక్ చదునుగానే వచ్చింది. ఆ తర్వాత మళ్లీ చేయలేదు.

"కెమికల్ పాడైందేమో" అంది హేతల్‌బెన్ హిందీలో. కొత్త సీసా తెరిచాం. మళ్లీ లేచింది. ఎలక్ట్రోడ్లు మార్చినా లేచింది. చివరికి సెల్‌ను యాసిడ్‌తో కడిగి, గుడ్డ తగలనీయకుండా ఆరబెట్టి చేస్తే లేవలేదు.

ల్యాబ్‌లో తుడిచే గుడ్డలు నేనే తెచ్చేవాణ్ణి. ముందు మా తమ్ముడి సాంచా మీద మిగిలిన, రంగూ మందూ పట్టించని కోరా ముక్కలు. అంతకుముందు చలికాలంలో వాడు రింగ్ రోడ్‌లో చీరల దుకాణంలో చేరాక, అక్కడి కత్తిరింపు ముక్కలు. మెత్తగా ఉన్నాయని సంబరపడ్డాను కూడా. ఆ మెత్తదనం సాఫ్ట్‌నర్‌ది. బట్ట తయారయ్యాక చివర్లో పట్టించే ఆ మందులోనూ, మేం వెతికే రంగులో లాగే, ధనావేశం ఉన్న అయాన్లుంటాయి. అవీ దాదాపు అదే వోల్టేజి దగ్గర గీత దాటుతాయి.

గుడ్డలు మారిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుంటే పోతుందని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. చెప్పేశాను.

హేతల్‌బెన్ కుర్చీలో కూలబడింది. "రాజేశంభాయ్, నాలుగు నెలల పని." తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "రోజూ బ్లాంక్ చేయకపోవడం నా తప్పు" అని లేచి, తన గైడ్ దగ్గరికి తనే వెళ్లి చెప్పింది.

సత్తెక్కకు చెప్పడం ఇంకా కష్టమైంది.

"అంటే మా నీళ్లల్ల ఏం లేదా? పోరగాండ్ల దద్దుర్లు ఉత్తయేనా?"

"ఉత్తయని అంటలేనక్కా. మనకింక తెల్వదంటున్న. మళ్ల చేస్తం."

"సంతకాలు పెట్టినోళ్లకు ఏం చెప్పాలె?"

"నేనే చెప్త."

ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. మిల్లువాళ్లకు అమ్ముడుపోయానని ఇద్దరు ముగ్గురు మొహం మీదే అన్నారు.

ప్రతి నమూనాకు ముందు బ్లాంక్ చేస్తూ అన్నీ మళ్లీ చేశాం. నాలుగు బోర్ల నీళ్లకు గ్రాఫు చదునుగా వచ్చింది. నాలాకు ఆనుకుని ఉన్న ఐదో బోరులో పీక్ ఉంది. చిన్నదే. మూడు రోజులు చేసినా అక్కడే లేచింది. ఆ ఒక్క బోరు మీదే దరఖాస్తు ఇచ్చారు. అధికారులు తామే నీళ్లు పట్టుకెళ్లి వేరే పద్ధతిలో పరీక్షించి, రంగు ఉందన్నారు. బోరు మూసి ఆ ఇళ్లకు కొళాయిలు ఇచ్చారు. మిగతా ఇళ్ల పిల్లల దద్దుర్లు దేనివల్లో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి దరఖాస్తు వెళ్లి ఉంటే నాలుగు తప్పని తేలేవి, ఐదోదాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. అందుకే ల్యాబ్‌లో కొత్తగా చేరేవాళ్లకు చెబుతుంటాను, అనుకున్న జవాబు దొరికిన రోజే ఎక్కువ అనుమానపడాలని. మేమిద్దరం ఆ పని చేయలేదు. ఆ పీక్ అందరికన్నా ఎక్కువ అవసరమైన సత్తెక్కే అడిగింది, గదేంది అని.