ఏటి నడుమ మోటారు కూత, మా ఇంటి డ్రమ్ము

పోయిన నెల ఒక ఆదివారం మా చెల్లెలు సునీత ఫోనులోంచి వాళ్ళ ఐదేళ్ళ పాప మాట్లాడింది. "పెద్దమ్మా, నువ్వు నిజంగానే ఉండావా?" అని అడిగింది. మాది కొడవలూరు దగ్గర వరి పండించే ఇల్లు. సునీత ముత్తుకూరు అవతల, ఏటికి అటువైపు పల్లెలో పడవ నడిపే ఏసురత్నాన్ని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. రెండిళ్ళలోనూ ఒకే బైబిలు, ఒకే ప్రార్థన. అయినా సెంటు పొలం లేని ఇంటికి మా పిల్ల పోవడమేంటని నేను ఆ పెళ్ళికి వెళ్ళలేదు. మొండిదాన్ని, ఒప్పుకుంటాను. ఆరేళ్ళుగా తను ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తూ వచ్చాను. పాప అడిగిన ఆ ఒక్క మాటకి తర్వాతి శనివారం సంచీ సర్దాను.

పొద్దున ఆరున్నరకి నెల్లూరు బస్సెక్కితే కోవూరు మీదుగా పెన్న వంతెన దాటి ఏడున్నరకల్లా దిగేశాను. పల్లెవెలుగులో ఆడవాళ్ళకి సున్నా టికెట్టే కాబట్టి ఆధార్ కార్డు సంచీ పైజేబులో పెట్టుకోండి, అడుగున వెతుక్కుంటూ ఉంటే కండక్టరుతో మాట పడాలి. బస్టాండు బయట యాభై రూపాయలకి కారం దోసె తిన్నాను. ఇంకోటి వెయ్యమంటే, పెనం ముందున్న ఆమె "ఎందాకమ్మా?" అంది. ఏరు దాటాలన్నాను. "పడవైతే ఒకటి చాల్లే, ఆనక నన్ను తిట్టుకుంటావు" అని నవ్వింది. అక్కణ్ణించి ముత్తుకూరుకి గంట ప్రయాణం, ఆపైన రేవు దాకా షేరాటో నలభై రూపాయలు. తొమ్మిదీముక్కాలుకి రేవులో ఉన్నాను.

ఏసురత్నమే పడవ తెచ్చాడు. ఫోటోలో తప్ప నేను అతన్ని చూడలేదు. నల్లగా, సన్నగా, మాట తక్కువగా ఉన్నాడు. "రండి వదినా, ఆటు మొదలైంది, తొందరగా పోదాం" అని సంచీ అందుకున్నాడు. మామూలుగా ఈ రేవులో దాటడానికి మనిషికి ముప్పై రూపాయలు. నేను తీసివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ ముప్పై రూపాయలు పట్టుకుని నేనెంత సిగ్గుపడ్డానో చెప్పలేను.

ఏటి మధ్యకి వచ్చేసరికి మోటారు లోపలినుంచి కీమని ఒకటే కూత మొదలైంది. చెవులు చిల్లులు పడేట్టుంది. "ఆ గోల ఆపలేవా?" అని విసుక్కున్నాను. "ఆపొచ్చు వదినా. మోటారు వేడెక్కిందని చెప్పే కూత అది. వైరు పీకితే కూత ఆగిపోద్ది. కాసేపటికి మోటారూ ఆగిపోద్ది, మళ్ళీ లేవదు" అన్నాడు. ఎక్కేవాళ్ళు భయపడతారని వాళ్ళ పల్లెలో కొందరు ఆ వైరు కోసేశారట. ఇతను కొయ్యలేదు. ఇంటికంతా ఆ మోటారే అన్నం. అది కాలిపోతే ఏం చేస్తావని అడిగాను. "కూలికి పోవాల" అన్నాడు, అంతే.

అతను వేగం తగ్గించి వెనక్కి వంగి చూశాడు. మోటారు నడుస్తున్నంతసేపూ పక్కనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ధారగా పడుతూ ఉండాలట. మోటారును చల్లబరిచిన నీళ్ళవి. ఇప్పుడు చుక్కచుక్కగా కారుతున్నాయి. వెంటనే మోటారు ఆపి లంగరేశాడు, లేకపోతే వెనక్కి తీసే ఆటు నీళ్ళు మమ్మల్ని ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు లాక్కుపోతాయి. ముందు నూనె చూశాడు, నిండుగానే ఉంది. మోటారు పైకి లేపి, నీళ్ళు పీల్చుకునే జాలీలో నాచుగానీ ప్లాస్టిక్ కవరుగానీ ఇరుక్కుందేమోనని వేలు పెట్టి తడిమాడు. ఏమీ లేదు. తర్వాత గట్టి నైలాన్ దారం ముక్క ఆ రంధ్రంలో పెట్టి పొడిచాడు. పై మూత తీసి, సన్నటి గొట్టం ఊడబీకి, నోటితో బలంగా ఊదాడు. అరచేతిలోకి తడిముద్ద ఒకటి పడింది.

నేను వంగి చూశాను. మోటార్ల గురించి నాకు ఓనమాలు తెలియవు గానీ, అది తెలుసు. గింజ పట్టని వడ్ల తాలు.

ఆ ప్రయాణానికి పది రోజుల ముందు సునీత ఫోన్ చేసి, "అక్కా, మోటారు కడిగే డ్రమ్ము పగిలిపోయింది, మీ ఇంట్లో పాతది ఉంటే పంపుతావా?" అని అడిగింది. ఉప్పునీళ్ళలో తిరిగిన మోటారును రోజూ మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి కాసేపు నడపాలట. ఆరేళ్ళలో తను నన్ను అడిగింది అదొక్కటే. ఇంట్లో కొత్త డ్రమ్ము ఉంది. నేను విత్తనాలు నానబెట్టే పాత డ్రమ్మును, అడుగున మట్టీ తాలూ ఎండి అట్టకట్టుకుని ఉన్నదాన్ని, కడగకుండానే కూరగాయల ఆటోలో వేయించాను. పడవోళ్ళకి ఇది చాల్లే అనుకున్నాను. అవును, అచ్చం అట్లాగే అనుకున్నాను.

"నీకు తెలుసా?" అని అడిగాను. ఏసురత్నం తల వంచుకుని దారం చుట్టుకుంటూ, "తేలినదంతా తీసేసినా వదినా. అడుగున అంటుకున్నది మోటారు తిరిగేటప్పుడు కలిసిపోయినట్టుంది" అన్నాడు. సునీతకి చెప్పావా అంటే, "మా అక్క పంపిందని వీధంతా చూపించుకుంది. ఆమెకి ఏమని చెప్పేది? మీరూ చెప్పబాకండి" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎండకి అన్నట్టు కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

మోటారు చల్లారేదాకా ఇరవై నిమిషాలు అట్లాగే కూర్చున్నాం. మళ్ళీ మోటారు తాడు లాగితే ధార పడింది, సన్నగానే. లోపల ఇంకా ఉందని, ఇంటికెళ్ళి విప్పాలని చెప్పి, కూత రాకుండా నిదానంగా నడిపాడు. పదిహేను నిమిషాల దారికి గంట పైన పట్టింది.

ఒడ్డున సునీత నన్ను పట్టుకుని ఏడ్చింది. పాప నా చెయ్యి గిల్లి, "ఉంది" అంది. ఇంటి ముందు నీడలో ఆ నీలం డ్రమ్ము ఉంది. నేను చెప్పులు విప్పి, కొబ్బరి పీచూ సబ్బూ అడిగి, డ్రమ్మును పడుకోబెట్టాను. "వచ్చీరాగానే ఏందక్కా ఇది?" అంది సునీత. "దీన్ని కడగకుండా పంపినానే. చేతగాక కాదు, కావాలనే" అన్నాను. వెనకాల ఏసురత్నం వద్దన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు. సునీత కొంగు దోపుకుని నా పక్కన కూర్చుని, డ్రమ్ము దొర్లకుండా రెండు చేతులా పట్టుకుంది. "తెలుసులే. పెళ్ళికి ముందు పదేళ్ళు దాంట్లో విత్తనాలు నానబెట్టింది నేనే కదా. అడుగున గట్టిగా రుద్దు" అంది.

ఆ పల్లెకి మళ్ళీ రెండుసార్లు వెళ్ళొచ్చాను. మోటారు విప్పితే ఇంకో గుప్పెడు తాలు వచ్చింది, ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఆరేళ్ళుగా సునీత చేసిన ఫోన్లన్నీ ఒక రకంగా కూతలే. నేను ప్రతిసారీ వైరు పీకుతూ వచ్చాను. నా తప్పును అతను తెలియనట్టు మోశాడు, ఆమె తెలిసీ వీధంతా చూపించుకుంది. అంత పెద్ద మనసు మా పొలం ఉన్న ఇంట్లో నేను చూడలేదు.

మీరూ ఆ ఏరు దాటేవాళ్ళైతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పడవ కదలగానే మోటారు పక్కన నీళ్ళ ధార పడుతోందో లేదో చూడండి. కూత మొదలైతే విసుక్కోకుండా ఆపించి, అది ఎందుకు మొత్తుకుంటోందో చూడనివ్వండి.