భోజనాల హాల్లో మా యోగా టీచరు

మా యోగా టీచరు గారు పోయారు. ఈ మాట రాశాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ రోజు పొద్దున్నే మేమంతా చాపలు చంకన పెట్టుకుని, చిలకలూరిపేటలో మా క్లాసు జరిగే కల్యాణ మండపం మెట్ల మీద కూర్చుని ఉన్నాం. తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆలస్యం చేసే మనిషి కాదు. ఫోను చేస్తే వాళ్ళాయన ఎత్తారు. "ఇక రాదమ్మా. లేచి మంచినీళ్ళు తాగింది, కుర్చీలో కూర్చుంది, అంతే," అన్నారు. నేను "పర్లేదండీ, రేపొస్తామని చెప్పండి," అని ఫోను పెట్టేశాను. పక్కవాళ్ళు ఏమైందని అడిగితే చెప్పబోయాను. అప్పుడు గాని ఆయనన్నది నా బుర్రకెక్కలేదు.

గుండె ఆగిపోయిందట. ముందురోజు నా భుజం మీద చెయ్యి వేసి, "పైకి లాక్కోకండి, కిందకి వదలండి," అన్న మనిషి.

ఇక ఊళ్ళో ఒకటే మాట. యోగా చేసే మనిషే పోయింది, మీరు చేసి ఏం ఉద్ధరిస్తారని. మా అత్తగారూ అదే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చావు రాదని ఆవిడ ఎవరికైనా మాటిచ్చారా? కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ చెప్పేది చాలా చిన్న సంగతులు. ఖాళీ కడుపుతో రండి, ఉండలేకపోతే కాఫీ తాగి రండి. వేళ్ళు నేలకి ఆనకపోతే మోకాళ్ళు వంచండి. నొప్పి పుడితే ఆపెయ్యండి. "పక్కావిడ వైపు చూడకండి. ఆవిడ మీ వైపు చూసి కంగారు పడుతోంది," అనేవారు.

నేను పర్చూరు వైపు పల్లెలో, మిరప కళ్ళాల్లో పెరిగినదాన్ని. మా ఎరువుల కొట్టులో కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే క్లాసులో చేరాను. మొదటి రోజు ఒంగమన్నారు. అరచేతులు రెండూ నేలకి ఆనించి, చూశారా అన్నట్టు తలెత్తాను. ఆవిడ నా పక్కన గొంతుక్కూర్చుని, "ఒంగడం బానే వచ్చండీ మీకు. ఊపిరేదీ?" అన్నారు. చూసుకుంటే బిగబట్టి ఉన్నాను. కళ్ళంలో కాయలు తిరగేసేటప్పుడు ఘాటు ముక్కుకెక్కకుండా ఊపిరి బిగబట్టి ఒంగుతాం, నిలబడ్డాక వదులుతాం. ఒంగితే చాలు, ఊపిరి దానంతటదే ఆగిపోతుంది. క్లాసులో సగం మందిదీ ఇదే అలవాటు. ఆవిడ నవ్వి, "ఇక్కడ మిరపకాయల్లేవు, పీల్చండి," అన్నారు. ఆసనాలు పక్కన పెట్టి చాలా రోజులు దాని మీదే కూర్చోబెట్టారు. ముందురోజు పెళ్ళి సాంబారు వాసన ఇంకా పోని ఆ భోజనాల హాల్లో, గాలి పీల్చి వదలడం నేను కొత్తగా నేర్చుకున్నాను. నడుం సంగతి తర్వాత, ఇంట్లో అరవడం తగ్గింది నాకు.

చివర్లో వేసేది శవాసనం. ఆ పేరు వినగానే ఒకావిడ లేచి కూర్చుని, "పొద్దున్నే ఆ మాటేంటండీ, పిల్లలు గలవాళ్ళం," అంది. టీచరు గారు వాదించలేదు. "సరే, పడక అందాం. పాదాలు వదిలెయ్యండి, ఎటు పడితే అటు పడనివ్వండి," అన్నారు. అప్పటినుంచి మాకది పడకే.

ఆ రోజు మండపం దగ్గర్నుంచి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాం. వరండాలో పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టి ఉన్నాయి. అది ఆచారం, నాకు తెలియంది కాదు. అయినా ఒంగి ఆ ముడి విప్పబోయాను. ఎవరో చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. ఏం చెయ్యబోయానో ఇంటికొచ్చాక గాని నాకు తెలిసిరాలేదు.

తర్వాత కూడా కొందరం చాపలు పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి, కాసేపు కూర్చుని వచ్చేసేవాళ్ళం. ఆవిడ నిలబడే చోట నిలబడే ధైర్యం ఎవరికీ లేదు. క్లాసు ఆగిపోతే మళ్ళీ ఆ బిగబట్టే మనిషినే అయిపోతానని నాకు లోపల ఒకటే బెంగ.

పెద్దకర్మ అయ్యాక ఒక పొద్దున వాళ్ళాయన వచ్చారు. పత్తి జిన్నింగు మిల్లులో చేసి రిటైరైన మనిషి. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. "తాళం మండపం వాళ్ళకిచ్చేద్దామని వచ్చానమ్మా. ఒకసారి పైకెళ్ళి చూడొచ్చా?" అన్నారు. హాలు తెరిచి, మడిచిన బల్లల మధ్య నిలబడ్డారు. మేమూ వెనకాలే వెళ్ళాం.

"చెయ్యమని నన్నూ పోరేది. నాకు ఒంగదే అని ఎగ్గొట్టేవాణ్ణి. ఇప్పుడు పడుకుంటే కన్ను మూతపడట్లేదు."

"ఒంగక్కర్లేదు బాబాయి గారూ," అన్నాను. "చొక్కా పై గుండీ తీసి, ఆ గోడకి ఆనుకుని కూర్చోండి చాలు."

ఆయన కూర్చున్నారు. అందరూ చాపలు పరిచి నా వైపు చూశారు. ఆవిడ నిలబడే చోటికి వెళ్ళి నిలబడ్డాను. తర్వాత భుజాలు వదలమన్నాను, మెడ నెమ్మదిగా తిప్పమన్నాను, పీల్చమన్నాను. మాటలన్నీ ఆవిడవే. చివరికి నా చాప ఆయనకిచ్చి పడుకోమన్నాను. కాసేపటికి గురక వినిపించింది. తాళం సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఎవ్వరం లేవలేదు.

ఆ వేళ మండపంలో పెళ్ళి. వంటవాళ్ళు ఉప్మా గుండిగ మోసుకుంటూ మెట్లెక్కి వచ్చారు. నేను పెదాల మీద వేలు పెట్టాను. వాళ్ళు ఆయన్ని చూసి, గుండిగని చప్పుడు కాకుండా గుమ్మం బయట దించి, పై మెట్టు మీద కూర్చున్నారు.