వెనక రెండు గదులు

నిన్న పొద్దున పప్పులోకి పాలకూర తరుగుతుంటే ఫోను మోగింది. మా జగిత్యాల కాలనీ గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. కోరుట్లలో చరిత్ర గల ఇల్లు అమ్మకానికి ఉందట. ఏజెంటు దర్వాజా ముందు నిలబడి, టేకు దూలాలు గోదావరి ఒడ్డు నుంచి ఎడ్లబండ్ల మీద ఎట్లా వచ్చాయో, ఆ అరుగు మీద పసుపు బేరగాళ్ళు ఎట్లా తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవాళ్ళో వర్ణిస్తున్నాడు. ఆ వాక్యాలు నావి. నేను కామా పెట్టినచోట ఆయన కూడా కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. చివర ఇంటి వెనకకు నడిచి, "ఇదంతా ఖాళీ జాగ, రెండు కార్లు పెట్టుకోవచ్చు" అన్నాడు. ఆ ఒక్క వాక్యం నాది కాదు. ఈ ప్రకటన నా ఫోనులోకి రావడం ఇది మూడోసారి.

అది మా అమ్మ పుట్టిల్లు. నా ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి వెనకవైపు ఉన్న రెండు గదులు. వాటిలో ఒక మంత్రసాని ఉండేది. మా ఇంటి పిల్లలందరూ ఆమె చేతుల మీదే పుట్టారు, నాతో సహా. ఆమె బిడ్డ నాకన్నా ఐదారేళ్ళు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. అక్క ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తడి తునికాకు, తంబాకు కలిసిన వాసన ఆ గదుల్లో గోడలకు కూడా పట్టి ఉండేది. నాకూ నేర్పాలని చూసింది గాని, నేను చుట్టినవి ఒక కొసన బూరల్లా, ఇంకో కొసన సూదుల్లా వచ్చేవి. "నువ్వు సదువుకో చెల్లె, గదే మంచిగుంటది" అని నవ్వి, వాటన్నిటినీ విప్పి మళ్ళీ చుట్టేది. పెళ్ళయినా, తల్లి పోయినా, భర్త దుబాయికి వెళ్ళి జబ్బుతో తిరిగొచ్చి కన్నుమూసినా అక్క ఆ గదులు విడిచిపోలేదు.

ఇంటికి వారసుడు మా మేనమామ కొడుకు, నాకు బావ. నలభై ఏళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాశాడు. మా తాత దగ్గర నేర్చుకున్న ఉర్దూ ఆయనకు అన్నం పెట్టింది. నిజాం కాలం కాగితం చేతికిస్తే కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, రాగం తీస్తూ చదివేవాడు. నేను సోషల్ టీచరుగా రిటైరై, కోరుట్ల పాత ఇళ్ళ చరిత్ర రాద్దామని నోటుబుక్కు పట్టుకుని బయలుదేరినప్పుడు ఆయనే నాకు తోడు వచ్చాడు. ప్రతి ఇంట్లో రెండు చాయలు తాగేవాడు, రెండోది నా వాటాది. అంత సంతోషంగా నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా తిరగలేదు. మా ఇంటి గురించి రాసిన పేజీలు మొదట ఆయనకే ఇచ్చాను.

నిరుడు ఎండాకాలంలో ఒకరోజు అక్క తన పెట్టె అడుగు నుంచి నాలుగు మడతల కాగితం తీసింది. "మా అవ్వ దాచుమన్నది. ఏమున్నదో ఎరుకలేదు. జర సదివించు చెల్లె" అని నా చేతికిచ్చింది. ఉర్దూ. ఫోనులో ఫోటో తీసుకుని ముందింట్లో ఉన్న బావకు అందించాను. ఆయన చాలాసేపు చూశాడు. రాగం తీయలేదు.

"ఏం లేదు మరదలా, తాత రాసిన నడుంనొప్పి మందు. బాలింతలకు. వాయిలాకు, శొంఠి, ఆముదం" అన్నాడు.

నేను కొలతలు కూడా అడిగి రాసుకున్నాను. ఇంటికొచ్చి మోకాళ్ళకు పట్టించి చూశాను. కొంచెం నయమైనట్టే అనిపించింది కూడా. కాగితం పొడిపొడి అవుతోందని, లామినేషన్ చేయించి ఇస్తానని బావ తన దగ్గరే ఉంచుకున్నాడు.

వానలు మొదలవగానే, వెనక గదుల కప్పు బాగు చేయిస్తానని, అంతవరకు అక్కను వెల్గటూరులో ఉన్న బిడ్డ దగ్గరికి పంపమని నాతో అన్నాడు. అక్కకు పోవాలని లేదు. నేనే నచ్చజెప్పాను. బస్సు కూడా నేనే ఎక్కించాను. దసరా నాటికి ఆ గదుల్లేవు. గోడలు నాని కూలిపోయినయి అన్నాడు బావ. నమ్మాను. ఆయన్ని నమ్మకపోవడం ఎట్లాగో నాకు అలవాటు లేదు.

ఆ మందును పుస్తకంలో వేద్దామనుకుని, ఒక దినుసు పేరు సరిచూసుకోవడానికి ఫోనులో ఫోటో పట్టుకుని మా కాలనీలో ఉండే రిటైర్డు ఉర్దూ మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివారు.

"టీచరమ్మా, గిందుల మందు సంగతేం లేదు" అని, అందులో రాసి ఉన్నది తెలుగులో చెప్పారు. 'నా కోడలు, నా మనుమడు ఈ మంత్రసాని చేతుల మీద బతికి బయటపడ్డారు. వెనక రెండు గదులు, బావి దాకా దారి ఈమెకూ ఈమె పిల్లలకూ ఇచ్చాను. నావాళ్ళెవరూ అడ్డు చెప్పరాదు.' కింద మా తాత సంతకం. ఆ మనుమడు మా బావే.

మర్నాడే కోరుట్ల వెళ్ళాను. బావ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఫోటో చూపించాను. తొణకలేదు.

"గా కాగితానికి రిజిస్ట్రేషన్ లేదు. కోర్టుల చెల్లది."

"చెల్లని కాగితమైతే నడుంనొప్పి మందని ఎందుకు చదివినవ్ బావా?"

పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు. కోడలిని పిలిచి నాకు చాయ పెట్టమన్నాడు. అసలు కాగితం ఏదని అడిగితే చెదలు తిన్నాయన్నాడు. చాయ వచ్చేలోపు లేచి వచ్చేశాను.

వెల్గటూరు వెళ్ళడమే కష్టమైంది. అక్క వాకిట్లో చాట ముందు పెట్టుకుని కూర్చుంది. చెప్పింది మొత్తం విన్నది, చేతులు మాత్రం ఆపలేదు. బావను ఒక్క మాట అనలేదు.

"కాగితం నేను నీ చేతికిచ్చిన. ఆయన చేతికియ్యలే" అన్నది.

ఆమె బిడ్డ వకీలును పెట్టింది. సాక్షిగా నేను సంతకం చేశాను. మా అమ్మ తరఫు చుట్టాలు పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. కేసు సంగతి తెలిసి, కొనడానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు. అందుకే ఆ ప్రకటన తిరిగి తిరిగి వస్తోంది. తీర్పు ఇంకా రాలేదు. నెలకోసారి వెల్గటూరు వెళ్తాను. అక్క పీట వేస్తుంది, మంచినీళ్ళిస్తుంది. చెల్లె అని మాత్రం పిలవడం లేదు, టీచరమ్మా అంటోంది.

ఇన్నాళ్ళూ కాలం కాగితాలను తినేస్తుందని భయపడి, ఊరి చరిత్ర రాసుకుంటూ తిరిగాను. మా తాత రాత డెబ్బై ఏళ్ళు పెట్టె అడుగున చెక్కుచెదరకుండానే ఉంది. కాలం తీసుకుపోయింది దాన్ని చదవగలిగినవాళ్ళను. మా ఇంట్లో మిగిల్చిన ఆ ఒక్కడి ముందు దాన్ని పెట్టింది నేనే.