తవుటి కుండ, తంబాకు గుడ్డ

జగిత్యాలలో మా చెల్లె ఇంటికి పోయినప్పుడు ఆమె మనుమరాలు ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. లోపల తవుడు, తవుట్లో మెలికలు తిరిగే పసుప్పచ్చని పురుగులు. అద్దాల పెట్టెలో పెంచుకుంటున్న విదేశపు తొండకు అది మేత, పార్సిల్‌లో వస్తుందట. కొంచెం తియ్యగా, కొంచెం ముక్కిపోయినట్టు ఉండే ఆ వాసన తగలగానే కోరుట్లలో మా పెంకుటింటి అరుగు, దాని మీద ఒక మట్టి కుండ, అందులోకి తొంగి చూస్తున్న పదేళ్ల నేను, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు నిలిచాయి.

అది అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు రోడ్లెక్కడంతో బడులు మూతబడి, ఎప్పటికి ముగుస్తాయో ఎవరికీ తెలియని సెలవులు మాకు దొరికాయి. నాయన సిరిసిల్లలో మగ్గం నేసేవాడు, బస్సులు నడిచినప్పుడే ఇంటికి వచ్చేవాడు. ఆ ఏడు బస్సులు నడిచిందే తక్కువ. అమ్మ పొద్దంతా అరుగు మీద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకొని, నానిన తునికాకును కత్తిరించి తంబాకు పోసి బీడీలు చుట్టేది. పక్కనే దూలానికి పాత చీరతో కట్టిన ఉయ్యాలలో ఏడాది నిండని చెల్లె. ఉయ్యాల తాడు కొస అమ్మ కాలి బొటనవేలికి ఉండేది. చేతులు బీడీలు చుడుతుంటే కాలు పిల్లను ఊపేది. ఆ ఏడు ఉగాదీ, మొహర్రం పీరీల పండుగా దగ్గర దగ్గరగా వచ్చాయి. మా ఇంటి పూర్ణం పోలెలు పక్కింటి ఖాజా మామ ఇంటికి పోయాయి, వాళ్లింటి నుంచి బెల్లంతో, నెయ్యితో దంచిన మలీద ముద్దలు మా ఇంటికి వచ్చాయి. నేను రెండిళ్ల గడపల మీదా కూర్చుని తిన్నాను.

ఒకనాడు ఊరేగింపు పోయిన తర్వాత, నినాదాలు ఇచ్చి ఇచ్చి అలిసిన పిల్లలు కంచె మీది ఊసరవెల్లిని రాళ్లతో కొట్టడం మొదలుపెట్టారు. దాని చూపు పడితే మనిషి నెత్తురు ఇంకిపోతుందని మా వాడంతా నమ్మేది. నేనూ నమ్మేదాన్ని. అయినా కింద పడి, విరిగిన ముందు కాలును గాలిలో పట్టుకొని అది నా వైపు ఒక కన్ను, రాళ్ల వైపు ఒక కన్ను తిప్పినప్పుడు, నాకు భయం కంటే జాలే ఎక్కువైంది. లంగా కుచ్చిళ్లలో వేసుకొని ఇంటికి తెచ్చాను.

అమ్మ చేతిలో కత్తెర ఆగింది. “గా పాడు జీవాన్ని ఇంట్లకెందుకు తెచ్చినవే?”

“కాలు ఇరిగిందమ్మా. చెట్టెక్కలేదు.”

“మానినంక ఒక్క దినం ఉండొద్దు,” అన్నది అమ్మ.

చీపురు పుల్లల గంపలో దానికి ఎండుకొమ్మ పెట్టాను. మేత సంగతి చెప్పింది ఖాజా మామ. ఆయన గౌజుపిట్టలు పెంచేవాడు. పురుగును ఎంచడంలో ఆయనను మించినవాళ్లు మా వాడలో లేరు.

“దాని రెండు కండ్ల నడుమ ఎంత జాగున్నదో సూడు బిడ్డా. పురుగు గంతకన్న పెద్దగుండొద్దు. నా పిట్టపిల్లలకు సుత గదే లెక్క. బొచ్చు పురుగు పెట్టకు, గొంతుల గుచ్చుకుంటది. సచ్చినదాన్ని ముట్టదిది, నీ లెక్క నఖరాలు దీనికి.”

మొదట్లో మిడతలు చాలినన్ని దొరికాయి. కోతలై, ఎండలు ముదిరి, పొలాలు బోసిపోయాక గడ్డిపరకే లేదు, మిడత ఎక్కడిది. అప్పుడు మామ తవుటి కుండ నేర్పాడు. కుండలో జానెడు తవుడు పోసి, పాత బియ్యంలో పుట్టిన పెంకు పురుగులను అందులో వదిలి, తేమకు ఒక సొరకాయ ముక్క పెట్టి, పలుచని గుడ్డ కట్టి నీడన ఉంచాలి; గుడ్లు పెట్టి, పిల్లలై, తవుడు కదలడానికి నెల పడుతుంది. ఒక కుండ ఆయన ఇంట్లో, ఒకటి మా అరుగు మీద. అందాకా ఈగలు పట్టి పెట్టాను, నెలకు నా కుండ కదిలింది. ఆకు మీద పురుగును పెడితే ఊసరవెల్లి ముందుకూ వెనక్కూ ఊగి ఊగి, మెరుపులాగా నాలుక చాచి అందుకునేది. కాలు ఇంకా కొమ్మను పట్టలేదు.

ఆ రోజుల్లోనే చెల్లెకు దగ్గు పట్టుకుంది, పోలేదు. వెనకింటి మల్లవ్వ వచ్చి గంప వైపు చూసింది. “నెత్తురు పీల్చేదాన్ని ఇంట్ల పెట్టుకుంటే పసిదానికి దగ్గు రాక ఏమొస్తది?”

మరునాడు పొద్దున నేను కుండ విప్పితే పురుగులన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. “సూడు, పురుగులు సుత సచ్చినయ్,” అన్నది మల్లవ్వ. అమ్మ మొహం మారింది. “రెండు దినాలల్ల దాన్ని వదిలిపెట్టు బిడ్డా. నాకు నా పిల్ల కావాలె.”

విరిగిన కాలుతో వదిలితే రాళ్లు కాచుకొని ఉన్నాయి. ఏడ్చుకుంటూ ఖాజా మామ ఇంటికి పోయాను. ఆయన కుండ విప్పితే తవుడు కళకళలాడుతోంది.

“నీ కుండల ఏం మారింది బిడ్డా?”

మారింది ఒక్కటే. ముందు రోజు కోడి పొడిచి పాత గుడ్డ చిరిగితే, అమ్మ తంబాకు జల్లించే గుడ్డను తెచ్చి కుండకు కట్టాను. మా ఇళ్లల్లో ఏ గుడ్డ దొరికినా తంబాకు గుడ్డే, అది ఎవరికీ తప్పుగా తోచదు. మామ కుండలోంచి పిడికెడు పురుగులు తెచ్చి రెండు గిన్నెల్లో వేశాను. ఒకదానికి తంబాకు గుడ్డ, మరొకదానికి నాయన సిరిసిల్ల నుంచి తెచ్చిన కొత్త ధోతి పేలిక.

మరుసటి రోజు మధ్యాహ్నం అమ్మ ముందర రెండూ విప్పాను. ధోతి కింద పురుగులు పారాడుతున్నాయి. తంబాకు గుడ్డ కింద ఒక్కటీ కదలలేదు. అమ్మ ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. తన వేళ్లు చూసుకుంది. ఒళ్లో చాటను, పక్కన ఉయ్యాలను చూసింది. ఊసరవెల్లిని మాత్రం చూడలేదు.

లేచి, ఉయ్యాల విప్పి, ఇంటి వెనక వేపచెట్టు కొమ్మకు కట్టింది. పాత తాడుకు మరో తాడు ముడివేసి, అది వెనక తలుపులోంచి, ఇంటి నడుమ నుంచి అరుగు దాకా వచ్చేలా చేసి, కొసను కాలి వేలికి కట్టుకొని, మళ్లీ తన చోట కూర్చుని చాట ఒళ్లోకి తీసుకుంది.

మల్లవ్వ మళ్లీ వచ్చినప్పుడు అమ్మ అన్నది: “ఊసరెల్లి ఏం చేసిందే? అది బీడీలు చుడుతదా?”

చెల్లె దగ్గు తగ్గింది. ఉయ్యాల జరిపినందుకే తగ్గిందని ప్రమాణం చేసి చెప్పలేను. ఎండాకాలపు పొడిగాలి కూడా తోడైందేమో. తొలకరికి ఊసరవెల్లి కాలు కొమ్మను పట్టింది. ఖాజా మామ పెరటి గోరింట కంచె మీద వదిలాం. ఆకులోకి ఎక్కి, ఆకు రంగులో కలిసి, ఎక్కడుందో తెలియకుండా పోయింది.

ఇప్పుడు అక్కడ గోరింట కంచె లేదు, సిమెంటు గోడ ఉంది. మిడతలు ఎగిరిన చేలల్లో ఇళ్లు లేచాయి. ఊసరవెల్లిని అక్కడ చూసి ఎన్నేళ్లయిందో మా వాడలో ఎవరూ చెప్పలేకపోయారు. ఖాజా మామ లేడు, ఆయన పిట్టలూ లేవు. మూఢనమ్మకాల మీద నేను నలభై ఏళ్లు సభల్లో కోపంగా మాట్లాడాను, రుజువు చూపండి అని అడిగాను. నేను చూపిన మొదటి రుజువును చూసి, ఒక్క మాట వాదించకుండా ఒప్పుకున్న మనిషి అమ్మ. పిల్లను జరిపింది. ఆ తర్వాత, పోయేదాకా, ఇరవై ఆరేళ్లు తను అదే అరుగు మీద, అదే తంబాకు ముందు, దగ్గుతూ కూర్చుంది. తనను ఎక్కడికి జరుపుకోవాలో ఆమెకు నేను ఏనాడూ చూపలేదు.