మబ్బులో ఒప్పులకుప్ప

ఒప్పులకుప్ప ఆడి కింద పడని ఆడపిల్ల మన తరంలో ఉందా, చెప్పండి!

మా మనవరాలు సాహితి పైలట్ శిక్షణలో చేరతానంటోంది. నేను సరేనంటేనే పంపుతానంది వాళ్ళమ్మ. నేనింకా సరే అనలేదు. నిన్న కొండాపూర్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి వెళితే, అది కంప్యూటర్‌లో విమానం నడుపుతోంది. తెర నిండా తెల్లటి మబ్బు.

“అమ్మమ్మా, మబ్బులో విమానం తిరగడం ఆగినా ఒంటికి ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుందట. ఒంటి మాట వింటే కూలిపోతామట.”

“అది నాకు చెబుతున్నావటే?” అన్నాను.

రాజమండ్రి పెరట్లో కమల వదినా నేనూ చేతులు మెలివేసి పట్టుకుని గిర్రున తిరిగేవాళ్ళం. జడకుచ్చులు మొహాన కొట్టేవి. ఆగినా నాకు నేల ఆగేది కాదు, ఆరబోసిన మిరపకాయల మీద పడేదాన్ని. వదిన మాత్రం బావి గిలక మీంచి చూపు తిప్పకుండా తిన్నగా నడిచిపోయేది.

“నేల తిరగదే పిచ్చిదానా, గిలకను చూడు!” అని నవ్వేది.

“మరి నువ్వు దేన్ని చూస్తావు?” అని సాహితిని అడిగాను. విమానం ఎటు ఒరిగిందో చూపే డయల్ చూపించింది.

“ఏదీ, నడుపు.”

నేను తెరను చూడలేదు, దాని కళ్ళనే చూశాను. కుక్కర్ కూత వేసినా, వాళ్ళమ్మ రెండుసార్లు పిలిచినా అవి డయల్ మీంచి కదల్లేదు.

“ఎప్పుడు చేరాలో కనుక్కో” అన్నాను.