బుస్సుమన్న క్యాన్

కిందటి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా గుంటలో రొయ్యలు ఊపిరాడక పైకి తేలాయి! నీళ్లలో ఆక్సిజన్ పెంచే పెరాక్సైడ్ కోసం మా ఆయనా నేనూ బండి మీద తడ ఊరికి పరుగెత్తాం. తిరిగొస్తూ ఆయన పెట్రోలు పోయించుకుంటుంటే, నా చేతిలోని పెరాక్సైడ్ క్యాన్ మూతకున్న సన్న రంధ్రం బుస్సుమంది. మందంతా ఆవిరైపోతుందని, డిక్కీలోని పైపుల టేపు తీసి గట్టిగా అతికించేశాను.

గుంట చేరేసరికి నా ఒళ్లో క్యాన్ కుండలా ఉబ్బింది!

"దాన్ని ఆడ పెట్టేసి ఉరుకు!" అని అరిచారాయన. ఇరవై అడుగులు పరుగెత్తామో లేదో, ఢాం! చేతిమీద చిందిన చోటల్లా చర్మం సున్నంలా తెల్లబడి భగ్గుమంది. ఆయన నా చెయ్యి బోరు నీళ్ల కింద పెట్టి, "అది గాలి పొయ్యే దారి. మూసేస్తివా?" అన్నారు.

సగం రొయ్యలు పోయాయి. చెయ్యి మానింది. ఇప్పుడు షెడ్డులో క్యాన్ బుస్సుమంటుంటేనే నాకు ధైర్యం.