నీళ్లెంతున్నయ్, పెద్దమ్మా?

మా కాశిబుగ్గ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్న పిల్ల కాలేజీలో సూక్ష్మక్రిముల మీద పరిశోధన చేసేది. కష్టకాలం వస్తే ఆ క్రిములు గట్టి గింజలా మారిపోతాయట. ఆ గింజ నడిమధ్యన నీళ్లు తగ్గిపోయి, అక్కడ కరెంటు కూడా సరిగా పారదట. అందుకే దేన్ని చూసినా "దీంట్ల నీళ్లెంతున్నయ్, పెద్దమ్మా?" అనేది.

తెల్లారి ఎనుమాముల మార్కెట్‌కు పోవాల్సిన నా ఎండుమిర్చికి కూడా కరెంటు కొలిచే తన మీటరు తీగలు రెండు గుచ్చింది.

"కరెంటు పారుతాంది పెద్దమ్మా, ఇంకా తడున్నది."

నేను కాయను చెవి దగ్గర ఆడించాను. "గలగలమంటాంది, ఇనవడ్తలేదా?"

తొడిమ విరిచి చూపింది. పచ్చిగానే ఉంది. ఇంకో రెండు రోజులు ఎండబెట్టాకే అమ్మాను, మంచి ధర పలికింది.

చదువయ్యి గది ఖాళీ చేసిననాడు కంట తడి లేకుండా సంచులు సర్దుకుంది.

"జర ఆ తీగలు నీకు పెట్టుకో బిడ్డా," అన్నాను.

మెట్ల మీద కూలబడి, ఏడుస్తూనే నవ్వింది. "పారుతాంది, పెద్దమ్మా!"